రింక్ వెనక, నాలుగూ పదికి

డన్‌మోర్ అనే ఊళ్లో, మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింక్ ఒకటి మూతబడి ఉంది, దాని వెనక ఖాళీ స్థలముంది. రాత్రిపూట అక్కడ ఎవరూ బండి పెట్టరు.

పాతికేళ్ల కిందట మంచుతుఫానులో ధాన్యం లారీ నడిపేవాడొకడు అక్కడ ఆగాడట. వెచ్చగా ఉంటుందని ఇంజన్ ఆపకుండానే కునుకు తీశాడు. పొగగొట్టాన్ని మంచు కప్పేసి, విషపు పొగ లోపలికే చేరింది. తెల్లారి తలుపు తీస్తే ఇంజన్ ఇంకా ఆడుతూనే ఉంది... మనిషిలోనే ప్రాణం లేదు.

అప్పట్నించీ, గాలి పడిపోయిన రాత్రుల్లో, ఏ బండీ లేని చోట ఇంజన్ చప్పుడు వినిపిస్తుందని ఊళ్లో చెప్పుకుంటారు.

వెర్నా కోజక్‌కి ఇదేమీ తెలీదు. ముసలివాళ్ల ఆశ్రమంలో వంట చెయ్యడానికి అక్టోబరులో వచ్చింది. యాభై దాటిన ఒంటరి మనిషి. రింక్ పక్క మేడ మీద గది చవగ్గా దొరికింది, కారు పెట్టుకోడానికి ఆ ఖాళీ స్థలమే గతి. పని వేళలు దాటాక ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు.

నవంబరులో చలి మైనస్ ముప్ఫైకి దిగింది. పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరాలి. సీటు రాయిలా ఉండేది. అద్దం మీద మంచు గోకేసరికి వేళ్లలో స్పర్శ పోయేది. ఓ శనివారం మెకానిక్ డ్వేన్ దగ్గరికి వెళ్లింది.

"గదిలోంచే బటన్ నొక్కితే కారు స్టార్టయ్యేది... చవకలో ఏముంది?"

"ఫోన్‌తో నడిచేదుంది, ఏటేటా డబ్బు కట్టాలి. బండి అందుకుందని నీ చేతిలో కూత పెట్టి చెప్పే రిమోట్ ఉంది, అదీ ఖరీదే." డ్వేన్ ఓ అట్టపెట్టెలో చెయ్యిపెట్టి వెతికాడు. "ఇదిగో, తుక్కుకొచ్చిన బండిలోంచి తీశాను. ఉత్త బటనే, తిరిగి కుయ్యిమనదు. పనికి మాత్రం ఢోకా లేదు. నీది ఆటోమేటిక్, తాళంలో చిప్ కూడా లేదు. వేరే ఏమీ కొనక్కర్లేదు. ఇంతకీ కారు ఎక్కడ పెడతావు?"

"రింక్ వెనక."

"అక్కడికి స్టార్టరెందుకు వెర్నా? దానంతటదే స్టార్టవుతుందిగా." నవ్వి, ఆ లారీ కథ చెప్పాడు.

స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని రెండు గంటలు వైర్లు కలిపాడు. బానెట్ ఎత్తితే ఇంజన్ ఆగేలా చిన్న స్విచ్ బిగించాడు. కొత్త రిమోట్ జతచేసి చేతిలో పెట్టాడు. "పావుగంట నడిచి అదే ఆగిపోతుంది. తాళం పెట్టకుండా బ్రేకు తొక్కినా ఆగుతుంది."

ఆ రాత్రి వెర్నాకి మెలకువ వచ్చింది.

కింద ఇంజన్ చప్పుడు... గడియారం చూసింది. నాలుగూ పది.

కిటికీ అద్దం మీద మంచు గీకి చూసింది. తన కారే. చిన్న దీపాలు వెలుగుతున్నాయి, వెనక తెల్లగా పొగ. లోపల ఎవరూ లేరు. సరిగ్గా పావుగంటకి — ఆగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

డ్వేన్ వైర్లన్నీ చూసి తల గోక్కున్నాడు. "నిద్రలో రిమోట్ మీద దొర్లుతున్నావేమో."

వెర్నా రిమోట్‌లోంచి బ్యాటరీ తీసేసి బల్ల మీద పెట్టింది.

నాలుగూ పదికి ఇంజన్ అందుకుంది.

ఎవరికి చెప్పుకుంటుంది? కబురు చెప్పుకునే మనిషే లేదు. మూడు వారాలు దుప్పటి కిందే ఆ చప్పుడు విన్నది. చివరికి ఒక రాత్రి ఉన్న కోట్లన్నీ వేసుకుని, నాలుగింటికే వెళ్లి కారులో కూర్చుంది. తాళం పెట్టలేదు.

నిశ్శబ్దం... ఊపిరి అద్దానికి అంటి గడ్డకడుతోంది.

ఒక్కసారిగా ఇంజన్ గుర్రుమంది. చల్లగాలి మొహాన కొట్టింది. దీపాలు వెలిగాయి — ఆ వెలుగులో, కంచె అవతల, పక్కింటి పెరట్లో, మంచులో ఒక మనిషి.

పొడుగాటి ఇంటి గౌను. తెల్లటి జుట్టు. చాపిన చెయ్యి సూటిగా ఆమె వైపే.

వెర్నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. ఇంజన్ ఆగింది, దీపాలు పోయాయి. ఆ చీకట్లోంచి గొణుగుడులా ఒక మాట —

"సిగ్రిడ్?"

తలుపు తీసుకుని దిగింది. కంచె దగ్గరికి వెళ్లింది.

"నా పేరు వెర్నా. ఈ కారు నాది. మీరెవరు?"

చాపిన చెయ్యి కిందికి దిగింది. చేతిలో చిన్న నల్లటి రిమోట్.

"ఆర్విడ్‌ని. ఈ ఇల్లే నాది." గొంతు పొడిగా ఉంది. "సిగ్రిడ్ నా భార్య. నర్సు. నాలుగున్నరకి బయల్దేరేది. నేను లేచి కాఫీ పెట్టి, ఆమె బండి వేడిచేసేవాణ్ణి. ఆమె పోయి రెండేళ్లయింది. బండి తుక్కుకిచ్చేశాను. బటన్ నొక్కడం మాత్రం మానలేకపోయాను. నొక్కుతాను, ఏమీ కాదు... వెళ్లి పడుకుంటాను."

రిమోట్‌తో ఆమె కారు వైపు చూపించాడు.

"పోయిన నెల్లో ఒక రాత్రి నొక్కితే — ఇక్కడ దీపాలు వెలిగాయి."

వెర్నాకి అంతా అర్థమైంది. చెప్పకుండా ఉంటే బావుండుననిపించింది. కానీ చెప్పింది.

"ఆ బండి డ్వేన్‌కేనా ఇచ్చింది? అందులోని స్టార్టరే నా కారుకి బిగించాడు. దానికున్న మీ పాత రిమోట్ జతని చెరిపెయ్యలేదు."

ముసలాయన తల ఊపాడు. "దీపాలు కాస్త ఎడంగా ఉన్నాయనుకున్నాను. ఆమెవి దగ్గరగా ఉండేవి." రిమోట్ కంచె మీదుగా అందించాడు. "నీ పెట్రోలు తగలేశానమ్మాయ్. తీసుకో."

బటన్ అరిగి తెల్లబడిపోయి ఉంది. వెర్నా చెయ్యి చాపలేదు.

"ఉంచుకోండి. నేను బయల్దేరేది ఐదున్నరకి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాటి రాత్రి నాలుగింటికే ఆమెకి మెలకువ వచ్చింది. నాలుగూ పది అయింది, దాటింది. చప్పుడు లేదు. ఇన్నాళ్లూ భయపెట్టిన ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి విన్నది. ఐదింటికి లేచి మొహం కడుక్కుంది. గది ఎప్పటికన్నా ఖాళీగా తోచింది. పాపం, ఆ రిమోట్ బయట పారేసి ఉంటాడనుకుంది.

ఒక బూటు తొడుక్కుంది. రెండోది చేతిలో ఉంది.

ఐదుంబావుకి కింద ఇంజన్ అందుకుంది.

వెర్నా ఆ రెండో బూటు కూడా తొడుక్కుని, లేసులైనా కట్టుకోకుండా మెట్లు దిగింది. కారు దాటుకుని కంచె దాకా నడిచి, దీపం వెలుగుతున్న ఆ ముసలాయన వంటింటి తలుపు తట్టడానికి దారి ఎటో వెతుక్కుంది.