స్లేటర్ కనుమ మీద కాటా గది

వయోమింగ్‌లో స్లేటర్ కనుమ దాటే వాళ్ళెవరూ చీకటి పడ్డాక ఆ పాత కాటా గది వైపు తలతిప్పరు.

శిఖరం దాటి దిగుడు మొదలైన అర మైలుకే ఉంటుందది. అక్కడ బళ్ళు తూచే హైరమ్ ముసలాయన, మితిమీరిన బరువుతో బ్రేకులు కాలిపోయిన లారీ ఒకటి గదినే గుద్దేస్తే, అందులోనే పోయాడు. ఆ తర్వాత కాటా ఎత్తేశారు. అయినా కొన్ని సాయంత్రాలు ఆ కిటికీలో పసుప్పచ్చ దీపం వెలుగుతుందంటారు. ముసలాయన గుమ్మంలోకి వచ్చి మన బండి బరువు చెప్తాడంటారు... వినకుండా పోయిన వాళ్ళని మర్నాడు లోయలోంచి తాళ్ళు కట్టి పైకి లాగారంటారు.

రోవెనాకి ఇదంతా తెలుసు. నమ్మేది కాదు.

నవంబరు నెల. మర్నాడు కనుమ అవతల గుర్రాల సంత. మోకాలు నొప్పిగా ఉందని మొగుడు ఎల్డన్ ఇంట్లోనే ఉండిపోయాడు. రెండు ఆడగుర్రాల్నీ ట్రైలర్లోకి ఎక్కించి, పికప్‌కి తగిలించి, అన్నీ తానే సర్దిపెట్టాడు.

"మొత్తం అయిదు వేల అయిదొందల పౌండ్లు. మన బండి ఏడున్నర వేలు లాగుతుంది. నిశ్చింతగా వెళ్ళు."

"ట్రైలర్ ముందు గదికి తాళమేశావేం?"

"జీన్లూ, నాలుగు గడ్డిమోపులూ ఉన్నాయి. దారిలో ఎవడైనా ఎత్తుకుపోతాడని." ఎల్డన్ నవ్వాడు. "ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

ఇరవై రెండేళ్ళ కాపురం. రోవెనా కూడా నవ్వేసి బండెక్కింది. ఆ రాత్రికి కొండ కింద మేవిస్ ఇంట్లో పడుకోవాలి. మేవిస్ చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. మాంసం పులుసు వండి పెడతానని పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఎక్కుడులోనే బండి మూలిగింది. అయిదున్నర వేలకి మూలిగే బండి కాదది... ముసల్దయింది కదా అనుకుంది.

శిఖరం చేరేసరికి అయిదు దాటింది. చీకటి కమ్మేసింది. అప్పుడు గమనించింది— హెడ్‌లైట్లు రోడ్డు మీద పడట్లేదు. పైన చెట్ల కొసల మీద పడుతున్నాయి. వెనక ఎవరో కూర్చుని తోక పట్టుకుని కిందికి గుంజుతున్నట్టు బండి ముక్కు పైకి లేచింది. చేతిలో స్టీరింగు దూదిలా తేలిపోతోంది.

దిగుడు మొదలైంది. ట్రైలర్ వెనక నుంచి నెట్టింది.

బ్రేకు తొక్కింది. ఇంకా నెట్టింది. గేరు తగ్గించింది. ఇంజను అరిచింది... కాలుతున్న వాసన ముక్కుకి తగిలింది. లోపల గుర్రం ఒకటి చెక్కని ఠాప్‌మని తన్నింది.

ఎదురుగా పసుప్పచ్చ దీపం.

ఆలోచించే తీరిక లేదు. దీపం వైపు స్టీరింగు తిప్పేసింది. బండి జారి, ఊగి, గది ముందు ఆగింది.

గుమ్మంలో ముసలాయన. కోటు మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. లోపలెక్కడో కాటా గుండు జరుపుతున్నట్టు ఇనుము మీద ఇనుము చప్పుడు... టక్... టక్... టక్.

"నీ ట్రైలర్ ఎనిమిది వేల తొమ్మిదొందలు, అమ్మాయ్." గుసగుసలా అన్నాడు.

రోవెనా కిటికీ అద్దం దించింది. "కాదు పెద్దాయనా... అయిదున్నర. మా ఆయన చెప్పాడు."

ముసలాయన ట్రైలర్ ముందు గది తాళం వైపు చూశాడు.

"నా ప్రాణం తీసిన లారీవాడు కూడా బయల్దేరేముందు ఖాళీ బండేనన్నాడు," అన్నాడు. "మా తమ్ముడే."

రోవెనా దిగింది. టైరు మార్చే ఇనుపకడ్డీ పెట్టి ముందు గది తాళం పగలగొట్టింది. టార్చి వేసింది.

జీన్లు లేవు. గడ్డి లేదు.

ఎల్డన్ పనిముట్ల పెట్టెలు. నాడాలు సాగగొట్టే ఇనుప దాగలి. వెల్డింగు మిషను. వేట తుపాకులు. వాటి మీద అతని చలికోట్లు, పండగ బూట్లు, వాళ్ళ నాన్న ఫోటో. ఓ పక్కగా, విప్పి దుప్పటిలో చుట్టిన ఓక్ మంచం— అటక మీదుందని తాననుకుంటున్న మంచం.

ఇల్లు వదిలి పోతున్న మనిషి సామాను. ఎక్కడికో పోతున్నాడు... ఆ మూట తనచేతే మోయిస్తున్నాడు.

ఏడవలేదు. గుర్రం సకిలించాక కదిలింది. పెట్టెలు ఎత్తలేక అరలు ఒక్కొక్కటే లాగి కింద కుమ్మరించింది. దాగలిని ట్రైలర్ అంచు మీంచి కిందికి దొర్లించింది. మంచం పట్టీలు ఈడ్చి పడేసింది. గోళ్ళు విరిగాయి, చెమట పట్టింది. వెనక నుంచి టక్... టక్... వినిపిస్తూనే ఉంది.

"చాలమ్మా," అన్న మాట వినపడింది. "ఇక దిగు. చిన్న గేర్లోనే."

తిరిగి చూసింది. దీపం లేదు. గది తలుపుకి తుప్పు పట్టిన తాళం. బండి నిలబడ్డ చోట కాటా పలకే లేదు. ఎప్పుడో గొయ్యి పూడ్చి పోసిన కంకర, దాని మీద మోకాలెత్తు ఎండుగడ్డి...

ఏడు మైళ్ళ దిగుడూ ఊపిరి బిగబట్టే దిగింది. ఈసారి ట్రైలర్ బుద్ధిగా వెంట వచ్చింది.

కింద పెట్రోలు బంకు దగ్గర ఆగాక ఏడుపు తన్నుకొచ్చింది. ఈ లోకంలో చెప్పుకోడానికి ఒక్క మనిషే గుర్తొచ్చింది. ఫోన్ చేసింది.

"మేవిస్... ఎల్డన్ నన్ను మోసం చేశాడే. బరువు అబద్ధం చెప్పాడు. ట్రైలర్ నిండా వాడి సామానే... చచ్చేదాన్ని. కొంత ఆ పాత కాటా దగ్గర పారేసి వచ్చాను."

మేవిస్ నెమ్మదిగా, కంగారు అణుచుకుంటూ అడిగింది—

"మంచం కూడా పారేశావా?"

రోవెనా మంచం మాట ఎత్తనే లేదు.