చనిపోయినవాడి లాగిన్

"మందుల ఫ్యాక్టరీలో ఈ ఉదయం ఒకతను లాగిన్ అయ్యాడు. అతను పోయి నెల దాటింది," అన్నాడు చీఫ్. "మీ బావ."

కందిరీగ ముఖంలో ఏమీ కదల్లేదు. గూఢచార డిపార్ట్‌మెంట్‌లో అతనికి అదే పేరు. బావ ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఇంజనీరు. సిస్టమ్‌లో ఎవరో చొరబడ్డారని అనుమానించిన వారానికే లారీ గుద్దేసింది. అది విదేశీ ముఠా చేయించిన హత్య అని వీళ్లిద్దరికీ తెలుసు. అక్కకే తెలియదు.

"ఆ అకౌంట్ ఇంకా తీసెయ్యలేదా సార్?"

"ఎవరికీ పట్టలేదు. ఇప్పుడది ఒకేసారి రెండు చోట్ల తెరుచుకుంది. ఒకటి సరిహద్దు అవతల. రెండోది మీ అక్క ఇల్లు." చీఫ్ గొంతు తగ్గించాడు. "పిల్లల సిరప్‌లో మందు మోతాదు మార్చబోతున్నారు. కొత్త బ్యాచ్ ఈరోజే."

"మెషిన్లు ఆపేస్తే?"

"జారుకుని ఇంకో ఫ్యాక్టరీ మీద పడతారు. తలుపు తీసిందెవరో ముందు తేల్చు."

కందిరీగ నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె దృష్టిలో అతను సీసీ కెమెరాలు అమ్ముకునేవాడు.

"ఏరా, చెప్పా పెట్టకుండా ఊడిపడ్డావ్?" అంటూ ఆమె డైనింగ్ టేబుల్ మీది ల్యాప్‌టాప్ గబుక్కున మూసింది.

"బావది ఆఫీసుకి ఇచ్చెయ్యలేదా అక్కా?"

ఆమె ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసింది. "ఆఫీసు అకౌంట్ వాయిస్ మెయిల్‌లో ఆయన గొంతుంది రా. 'మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా' అంటారు. అంతే. రోజూ వింటున్నా."

"పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"కౌన్సెలింగ్ మేడమ్‌కి. ఇది వినడానికి ఆవిడే ఏదో ప్రోగ్రామ్ వేసి పెట్టింది. బంగారంలాంటి మనిషి. నాతో పాటు ఏడ్చింది కూడా."

ఫోన్‌లో ఫొటో చూపించింది. ముత్యాల చెవిపోగులు, చల్లని నవ్వు. కందిరీగ ఆమెను గుర్తుపట్టాడు. రెండేళ్లుగా ముఠా గుట్టు డిపార్ట్‌మెంట్‌కి అమ్ముతున్న మనిషి ఆమె. డిపార్ట్‌మెంట్ గుట్టు వాళ్లకీ అమ్ముతోందన్నమాట.

ఫొటో చీఫ్‌కి పంపి, చొరబాటును పసిగట్టే చొక్కా గుండీ ఊడదీసి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. గుండీ ఎర్రగా వెలిగింది. ముఠా లోపలే ఉంది.

పావుగంటలో చెవిలో చీఫ్ గొంతు. "ఎయిర్‌పోర్టులో పట్టుకున్నాం దాన్ని! ఫ్యాక్టరీలో కంట్రోల్ మన చేతిలో లేదు, సిరప్‌లోకి మందు వదిలే వాల్వ్ తెరుచుకుంటోంది. అకౌంట్ తుడిచెయ్!"

"బ్లాక్ చేస్తే చాలదా?"

"వాళ్ల ప్రోగ్రామ్ ఆ వాయిస్ మెయిల్‌లోనే దాక్కుంది. మొత్తం పోవాలి!"

కందిరీగ తలెత్తాడు. "అక్కా... చిన్నపిల్లలు తాగే మందు. ఇది ఉంచితే విషమవుతుంది."

"ఆయన గొంతు?"

అతను తల దించుకున్నాడు.

"ఒక్కసారి వినిపించు."

"టైమ్ లేదక్కా."

అతని వేలు మీట దగ్గరకు వెళ్లింది. అక్క ఆ చేతిని పక్కకు నెట్టింది.

"నువ్వొద్దు. నేనే."

నొక్కింది. గుండీ ఆరిపోయింది. ఫ్యాక్టరీలో వాల్వ్ సగంలో ఆగింది.

అక్క వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. ఏడుపు వినపడకూడదని కాబోలు, నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

"శభాష్!" అన్నాడు చీఫ్. "పిల్లల మందు భద్రం. నష్టమేమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్."

ఉద్యోగం కోసం అతను ఆడని అబద్ధం లేదు. ఈ ఒక్కదానికి మాత్రం వంటింటి వైపు చూడలేకపోయాడు.