ఎర్ర చార బస్తా

పొద్దున్నే పెరట్లోకి వచ్చిన దాణా కొట్టాయన ముక్కు మూసుకున్నాడు. పది రోజులు పరీక్షలకు వెళ్లి రాత్రే తిరిగొచ్చిన కూతురు, కోడిపిల్లల గూట్లో కాగితం పరిచింది. దాని మీద ముదురు గోధుమరంగులో జిగటగా ఒక రెట్ట.

"చూశావా? రోగం! ఈ కంపు చాలదూ తెలియడానికి?"

ఏడు వారాల వయసు పిల్లలవి, మొత్తం పన్నెండు. కూతురు వంగి చూసింది. "అది మామూలేలే నాన్నా. పది రెట్టల్లో ఒకటి అలాగే వస్తుంది. మిగతావి గట్టిగా ఉండి, పైన కాస్త తెల్లగా ఉంటే చాలు. నా భయం ఇదిగో, దీన్ని చూసి."

ఆమె చూపించిన చోట సున్నం నీళ్లు ఒలికినట్టు పలచగా ఉంది. అలాంటివి నాలుగైదు. ఓ మూల చిన్న పెట్ట రెక్కలు వేలాడేసి ముడుచుకుని కూర్చుంది.

"దాణా ఏమన్నా మార్చావా?"

ఆయనకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా అందరి కోళ్లకూ తిండి అమ్ముతున్నవాణ్ణి, నిన్నగాక మొన్న కోళ్లు పెంచడం మొదలెట్టిన పిల్ల నిలదీయడమా!

"మార్చాను! నువ్వు పోసే పొడిలో పస లేదు. ఎర్ర చార బస్తా పోశాను. కొట్లో అంతకన్నా బలమైన సరుకు లేదు. తప్పా?"

"నాకు చెప్పకుండానా?"

"నా కొట్టు, నా బస్తా. నిన్నడిగి పొయ్యాలా?"

వంటింటి గుమ్మంలోంచి భార్య అందుకుంది. "కొట్టు మీదే సరే, మీరు ఒక్క కోడిని పెంచిన పాపాన పోయారా?"

"నువ్వూ మొదలెట్టావా!"

కూతురు వసారాలోని బస్తాను ఈడ్చుకొచ్చి తిరగేసింది. "చదువు నాన్నా."

సరుకును చారల రంగుతో గుర్తుపట్టే మనిషి ఆయన. ఎర్ర చార, నీలి చార, పచ్చ చార, అంతే. అచ్చు గోడవైపు పెట్టి బస్తాలు పేర్చడం అలవాటు. కళ్లజోడు సర్దుకుని చదివాడు. గుడ్లు పెట్టే కోళ్లకు మాత్రమే. పిల్లలకు పెట్టరాదు.

"ఇందులో సున్నం ఎక్కువ. గుడ్డు పెంకుకైతే కావాలి. గుడ్డే పెట్టనివి దాన్నేం చేసుకుంటాయి? మూత్రపిండాలు పాడవుతాయి. గుడ్లకొచ్చేదాకా ఈ బస్తా వాటి దరిదాపులకు రాకూడదు." కూతురు బస్తా మూతి బిగించి కట్టింది. "కోడిపిల్లల కోసమని ఇంకెవరికైనా ఇచ్చావా?"

ఆయనకు గుర్తొచ్చింది. వీధి చివర దర్జీ అక్కయ్యకు ఇచ్చాడు. 'బలం పడతాయి' అంటూ ఆమె కోడిపిల్లలు పుట్టినప్పటి నుంచీ ఇదే అంటగట్టాడు. ఒక్కొక్కటే చచ్చిపోతుంటే ఆమె కొట్టుకొచ్చి ఏడిస్తే, 'శుభ్రం లేనివాళ్లకు కోళ్లెందుకు?' అన్నాడు, అందరి ముందూ. లాభం తనకూ, నష్టమూ నిందా ఆమెకూ. ఎంత చక్కటి వాటా!

కొట్టు తాళం తీయకుండానే దర్జీ ఇంటికి నడిచాడు, వెనకే కూతురు. కుట్టుమిషను ఆగింది.

"ఏంటయ్యా, మళ్లీ నా శుభ్రం చూడ్డానికొచ్చావా?"

"లేదక్కయ్యా. నీ కోడిపిల్లల్ని చంపింది నా బస్తా. చదవకుండా అమ్మాను."

ఆమె దారం తెంపి లేచింది. "ఈ మాట ఇక్కడ కాదు. నన్నన్నది కొట్టు ముందు కదా? అక్కడ చెప్పు, నలుగురూ వినేలా."

"చెప్తాను. పద."

కొట్టు ముందు అప్పటికే జనం కాచుకుని ఉన్నారు. ఆయన గొంతు పెంచాడు. రెండో మాటకే అది బొంగురుపోయింది, కళ్లు నిండాయి. మంచినీళ్ల గ్లాసు అందించింది దర్జీ అక్కయ్యే.

"తాగు. తాగి, మిగతాది కూడా చెప్పు."