ఊయలలో బియ్యం మూట

నూకరత్నం పిల్లాడిని ఊయలలోంచి తీసి చంకనెత్తుకుంది. వాడి చోట బియ్యం మూట పెట్టింది. ఊయలను నడిపే ప్రోగ్రాముకు కొత్త కూర్పు ఏది వచ్చినా ఆ వీధి ఆడవాళ్లు ముందు మూటనే ఊపి చూస్తారు.

ఆమె నీలిపట్నం అనే కంప్యూటర్ ఆటకు నకలు తీసి, దానికి తగిలించే ఊయల మోడ్ కొత్త కూర్పును ఆ నకలులోనే ఎక్కించింది. రోజూ ఆడే పట్నం జోలికి పోలేదు. ఆమె భర్త పైడిరాజు నడిసంద్రంలో నీటిపై తేలే తేలుమిద్దె మీద పనిచేస్తాడు. విరామంలో ఆటలోకి వచ్చి అక్కడి తాడు లాగితే, ఇక్కడ నిజం ఊయల ఊగుతుంది. కొడుకును అతను లాలించేది ఆ తాడుతోనే.

"కొత్త కూర్పు క్షేమం. తేలుమిద్దెతో లంకె తెగినా ఊయల ఆగదు. పాతది సాయంత్రం రద్దు," అంది గోడలోంచి మాట్లాడే కావలి యంత్రం.

"మంచిదే గదే రత్తం," అన్నాడు పైడిరాజు తెర మీంచి. "ఈదరగాలొస్తే లంకె తెగిపోతాది. ఆడేమో గుక్కపట్టి ఏడుస్తాడు."

"మంచిదో కాదో మూట సెప్తాది. లాగు."

ఊయల ఎప్పటిలా కిర్రుమనకుండా, వెన్నలా ఊగింది. నూకరత్నానికి ముచ్చటేసింది.

"ఇప్పుడు ఒదిలెయ్."

"ఒదిలీసేను."

ఊయల ఊగుతూనే ఉంది.

"నిజంగా ఒదిలీసేవా?"

"రెండు సేతులూ ఎత్తేను, సూడు! దొంగని సూసినట్టు సూడకే."

ఆమె అడ్డుపెట్టిన అరచేతిని ఊయల నెట్టింది. మూట అంచుకు జరిగింది.

"ఆడు నిద్రోయేడో లేదో సూడ్డానికి మధ్యలో ఆపుతాను గదా," అన్నాడు పైడిరాజు మెల్లగా. "లంకె తెగిందనుకుంటోందే ఇది."

మీట తిప్పి ఊయల ఆపి, పాతదే ఉంచమని కావలికి చెప్పింది నూకరత్నం.

"పాత కూర్పులో లంకె తెగితే ఊపే యంత్రం పేరు చెప్పండి," అంది కావలి.

"నేను."

"ఆ పేరుతో యంత్రం నమోదు కాలేదు."

"అయితే నమోదు సేసుకో."

నూకరత్నం మూట సంగతి వీధంతా చెప్పింది. సాయంత్రానికి గోడ అవతల, అక్కడి కావలికి జవాబు చెబుతూ పొరుగింటి అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది: "నేనేనమ్మా, ఇంకెవరు ఊపుతారు!" ఆ పై ఇంట్లోంచి మరో గొంతు, ఆ పైన ఇంకోటి.

పాత కూర్పు రద్దు గంట మోగలేదు. "ఊపేవారి వివరాలు సరిచూస్తున్నాం," అని మాత్రం అంది కావలి.

నూకరత్నం మూట దింపి పిల్లాడిని పడుకోబెట్టింది. పైడిరాజు తాడు లాగాడు. ఊయల కిర్రుమంది, ఆగింది.

"నిద్రోయేడా?"

"లేదు. నిన్నే సూస్తన్నాడు."

ఊయల మళ్లీ కిర్రుమంది.