భుజం కొలత

"ఈ రైఫిల్‌తో శనివారం ఒక హత్య జరగబోతోంది అన్నా. నువ్వు దీన్ని శుభ్రంగా ట్యూన్ చేసి వాళ్ళకి తిరిగివ్వాలి."

ఆ మాట చెప్పి డిప్యూటీ డైరెక్టర్ తక్ అన్నం చుట్టిన గింబాప్ ముక్క నోట్లో వేసుకున్నాడు. హోదాలో తక్ పెద్ద. సైన్యంలో మాత్రం ప్యో కంటే రెండేళ్ళు జూనియర్. అందుకే ఇన్నేళ్ళయినా ఆర్డర్లు కూడా "అన్నా" అంటూనే వేస్తాడు.

మిర్యాంగ్ షూటింగ్ రేంజిలో ప్యో కోచ్, తుపాకుల మెకానిక్. అది లోకానికి తెలిసిన ఉద్యోగం. తెలియని ఉద్యోగంలో అతను తక్ గూఢచారి సంస్థకు ఏజెంట్ 31.

"ఎవర్ని?" అన్నాడు ప్యో.

"డాక్టర్ కూ. కెమిస్ట్. నల్లకొంగ ముఠా గుట్టంతా ఆయన బుర్రలో ఉంది. మీ కొత్త హాలుకి రిబ్బన్ కత్తిరించేది ఆయనే."

"ఎయిర్ రైఫిల్‌తో మనిషి చస్తాడా?"

తక్ చిన్న డబ్బా తెరిచాడు. నిండా సీసం పెల్లెట్లు. ప్యో భూతద్దం పెట్టి చూశాడు. ప్రతిదాని ముక్కునా సూదిమొనంత గుంట ఉంది.

"ఇవి రైఫిల్‌తో పాటు వాళ్ళు నీ టెస్టుకి పంపినవి, ఖాళీవి. అసలు దాంట్లో విషం ఉంటుంది. చర్మం గీరుకుంటే చాలు. ఆయన కోటు కింద కవచం వేస్తాం. మెడకేం వేస్తాం?"

రైఫిల్ 'బే' అనే ఆటగాడి పేరున వచ్చింది. పోలీసు ముద్ర, లైసెన్సు, అన్నీ సక్రమం. ఆ పేరుతో మనిషే లేడు.

"పాడుచేసి ఇచ్చేస్తే పోలా?"

"పొద్దున ప్రాక్టీసులోనే తెలిసిపోతుంది. జారుకుని ఇంకోచోట చంపుతారు. నాకు రైఫిల్ పట్టుకున్న మనిషి కావాలి. గుర్తుపట్టగానే కాలర్ మైకులో లేన్ నంబరు చెప్పి 'బార్లీ టీ చల్లారింది' అను. బాల్కనీలో స్నైపర్ ఉంటాడు. ఇదిగో, ఈ ట్రాన్స్‌మిటర్ పిడిలో అతికించు. మూడు గ్రాములే."

"మూడు గ్రాములా! పక్కింటి ముసలమ్మ కూడా పసిగడుతుంది. నీ బొమ్మలు నువ్వే ఉంచుకో."

తక్ నవ్వలేదు. "ముఠాలో మనకో మనిషి ఉండేది. నాలుగు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు," అంటూ లేచాడు.

కొత్త చెప్పు కరుస్తుంది, కొత్త రైఫిల్ అలుగుతుంది. మొదటి రోజంతా అది ప్యోతో మాట్లాడలేదు. బల్లమీది వైస్ పట్టులో బిగించి అయిదు గుళ్ళు కాలిస్తే అయిదూ అయిదు దిక్కులకు పోయాయి. గుంట వల్ల ఈ పెల్లెట్ బరువు తక్కువ, మామూలు వేగం దీనికి ఎక్కువ. గాలి ఒత్తిడి రెగ్యులేటర్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వేగం తగ్గించాడు. చెక్క పిడి స్క్రూలు రెండూ ఒకే బిగువుకు తెచ్చాడు. ట్రిగ్గర్ బిగువు నలభై గ్రాముల దగ్గర పెట్టాడు. రెండో రోజు సాయంత్రానికి అయిదు గుళ్ళూ కలిసి మినపగింజంత రంధ్రం చేశాయి. ఒక్క క్షణం అతనికి సంతోషం వేసింది. ఆ వెంటనే, దేనికి సంతోషిస్తున్నానురా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇక మిగిలింది ఒంటి కొలతలు. చెంప ఆనే చెక్క ఎత్తు, పిడి పొడవు, భుజానికి ఆనే పలక వంపు, అన్నీ ఒక కాగితం మీద రాసి పంపారు. దర్జీ చొక్కా చూసి మనిషిని చెప్పినట్టు ప్యో కొలతలు చూసి షూటర్ని చెప్పగలడు. పలకను ఏడు డిగ్రీలు బయటికి తిప్పేసరికి అతని చేతిలో స్పానర్ ఆగిపోయింది.

ఏడు డిగ్రీలు! భుజం ఎముక విరిగి వంకరగా అతికిన మనిషికి తప్ప ఆ వంపు ఎవరికీ పనికిరాదు. ఆ వంపును కనిపెట్టింది తనే. పంతొమ్మిదేళ్ళప్పుడు మంచులో పడి భుజం విరగ్గొట్టుకున్న తన శిష్యురాలు ఉన్‌జో కోసం కనిపెట్టాడు.

ఆ తర్వాత జాతీయ జట్టు ఎంపికలో పాయింటులో పదోవంతు తేడాతో ఆమె పేరు కొట్టేసింది కూడా తనే. అటుపైన ఉన్‌జో టీవీలో కామెంటరీ చెప్పింది, లిప్‌స్టిక్ ప్రకటనల్లో నవ్వింది. గురువుకి మాత్రం ఒక్క ఫోను చెయ్యలేదు.

ఈ సంగతి అతను తక్‌కి చెప్పలేదు. చెబితే స్నైపర్‌కి ఆమె ఫోటో వెళుతుంది. చెప్పకపోతే డాక్టర్ కూ ప్రాణం గాల్లో దీపం. ఆ పిల్ల రాకుండా ఉంటే బాగుండునని మూడు రోజులు మొక్కుకున్నాడు.

ఆమె వచ్చింది.

శనివారం, పదకొండు గంటలు. అరవై మంది షూటర్లు తమ తమ లేన్లలో వరసగా నిలబడ్డారు. పదిహేడో లేన్‌లో కత్తిరించిన జుట్టు, కళ్ళమీదికి దించిన టోపీ, మగవాడి జాకెట్టు. నిలబడిన తీరు మాత్రం ఉన్‌జోదే. స్తంభం అడ్డు వల్ల బాల్కనీలోని స్నైపర్‌కి ఆమె తల కనిపిస్తుంది, రైఫిల్ కనిపించదు.

టార్గెట్ల గోడ దగ్గర డాక్టర్ కూ కత్తెర అందుకున్నాడు. అందరి రైఫిళ్ళూ కిందికే ఉన్నాయి. పదిహేడులో ఒక్కటి లేచింది.

చెవిలో తక్ గొంతు: "అన్నా, ఎవరు? చెప్పన్నా!"

ఆ బార్లీ టీ మాట అంటే ఆమె చస్తుంది. అనకపోతే ఆయన చస్తాడు. ప్యో కాలర్ మైకు వదిలేసి టేబుల్ మీది రేంజి మైకు లాక్కున్నాడు.

"స్టాప్! అన్‌లోడ్!"

రేంజిలో నేర్పే మొదటి పాఠం అది. ఆ కేక వింటే వేలు ట్రిగ్గర్ వదలాలి, చెయ్యి గుండు పెట్టే లివర్ తెరవాలి. పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఉన్‌జో ఒక్క క్షణం ఆలస్యం చేసినందుకు ప్యో ఆమెని కొండ చుట్టూ పరిగెత్తించాడు. పదేళ్ళపాటు రోజూ ఆ గొంతే విన్న చెయ్యి ఇప్పుడు ఆమెను అడగలేదు. వేలు వదిలింది. లివర్ తెరుచుకుంది. తెరిచిన రైఫిల్ పేలదు.

తానేం చేసిందో ఆమెకు తెలిసేలోపు తక్ మనుషులు మీద పడ్డారు.

సంకెళ్ళు వేస్తుంటే ప్యో దగ్గరికెళ్ళాడు. "రైఫిల్ నాకే ఎందుకు పంపావే?"

"ఇంకెవరు ట్యూన్ చేసినా నాకు నమ్మకం కుదరదు సార్. ఆ పదోవంతు గుర్తుందా మీకు?"

"రోజూ గుర్తొస్తుంది."

ఆమె తల తిప్పుకుంది. ప్యో కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

జీపు వెళ్ళాక తక్ పళ్ళు నూరాడు. "మన ఇన్‌ఫార్మర్ ఆమే అన్నా. అటు తిరిగిపోయింది. నీకు ముందే తెలుసు, అవునా? ఇప్పుడు రిపోర్టులో ఏం రాయమంటావ్?"

"షూటర్ టైములో కాల్చలేదు, స్కోరు సున్నా అని రాయి," అన్నాడు ప్యో. "శిష్యురాలికి సున్నా వస్తే కడుపు నిండిన కోచ్‌ని నేనొక్కణ్ణే అయ్యుంటాను."