చిల్లుల ఆల్చిప్ప చూపిన ఒడ్డు

వంటింటి కిటికీకి వేలాడుతున్న చిల్లుల ఆల్చిప్పను పాత పేపర్లో చుట్టబోయి వెర్నా ఆగిపోయింది. మిసిసిపీ నది మీంచి లేచిన పొగమంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. చిప్ప చిల్లుల్లోంచి తెల్లని వెలుతురు ఆమె అరచేతిలో చుక్కలు చుక్కలుగా పడుతోంది.

ఆ చుక్కల్ని చూస్తూ పెరిగిన ఇల్లది. ఆల్చిప్పల్ని కోసి చొక్కా గుండీలు చేయడంలో చెయ్యి తిరిగిన తాత, పోయేముందు ఈ చిప్పను నానమ్మ చేతిలో పెట్టి, "నది సొత్తు ఇక్కడ దాచాను" అన్నాడట. ఆ చిల్లులే పటమట: పెద్ద చిల్లు ఊరి ముందున్న లంక. చిన్నవి ఒడ్డు వెంట కొండలు. అంచున సగమే కోసిన చిల్లు ఒక గుహ. తాత సొత్తంటే ముత్యాలే అనుకుని, ఆ గుహ కోసం ఓర్విల్ బాబాయ్ ఎన్నో వేసవులు పడమటి ఒడ్డును జల్లెడ పట్టాడు. దక్కింది మాత్రం దురద తీగలు తగిలి ఒళ్లంతా దద్దుర్లే.

ప్లాస్టిక్ గుండీలొచ్చాయి, ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడింది. పని వెతుక్కుంటూ సోమవారం బాబాయ్, తనూ షికాగో వెళ్లిపోతున్నారు. నది చప్పుడు వినకుండా ఏనాడూ నిద్రపోని బాబాయ్ ఆ మహానగరంలో ఎన్నాళ్లు బతుకుతాడో అని వెర్నాకు ఒకటే గుబులు. తాత దాచిన ముత్యాలు దొరికితే వెళ్లక్కర్లేదు. ఆమె కోరిక అంతే.

"బాబాయ్! తాత కోత మిషను దగ్గర చిప్పను ఎలా పట్టుకునేవాడు?"

"నల్ల వీపు తన మొహం వైపు పెట్టి. ఇప్పుడదెందుకు?"

"మరి మనం ఇన్నాళ్లూ మెరిసే లోపలి వైపు నుంచి చూస్తున్నాం కదా!"

బాబాయ్ కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. వెర్నా చిప్పను తిరగేసింది. కొండలన్నీ లంకకు ఇవతలికి వచ్చేశాయి. గుహ తూర్పున, వాళ్ల ఒడ్డునే ఉంది.

"నా దద్దుర్లన్నీ దండగేనా!" అని బాబాయ్ తెడ్లకోసం పరుగెత్తాడు.

పడవ మంచులోకి జారింది. నీరెక్కడో ఆకాశమెక్కడో తెలియడం లేదు. గూడబాతులు చప్పుడు చేయకుండా పక్కన తేలుతూ వచ్చి, తలతిప్పి చూసి, మళ్లీ మంచులో కలిసిపోయాయి. ఏ చెట్లనుంచో రాలిన తెల్లటి దూది నీళ్లమీద పరుచుకుంది. చర్చి రేవు దగ్గర శుక్రవారం చేపల విందుకు బంగాళాదుంపలు చెక్కుతున్న ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి, మనుషులు కనిపించలేదు. వెర్నాకు నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. ఇదంతా వదిలి ఎలా వెళ్లడం?

చివరి కొండ పాదంలో, నీళ్లమీదికి వాలిన విల్లో చెట్ల కొమ్మల వెనక, సన్నటి ఏరొకటి రాతిలోంచి బయటికొచ్చి నదిలో కలుస్తోంది.

"తల వంచు!" అన్నాడు బాబాయ్. పడవను కొమ్మకు కట్టి, లాంతరుతో ఏట్లోకి దిగారు.

లోపల చలి. సున్నపురాతి గోడలు చెమ్మతో మెరుస్తున్నాయి. మోకాళ్లలోతు నీళ్లలో సొరంగం వంపులు తిరుగుతూ వెళ్లి ఒక మడుగుగా విచ్చుకుంది. లాంతరు ఎత్తగానే బాబాయ్ కేకేశాడు.

"వెర్నా, అదిగో పందిగిట్ట చిప్ప! అదిగో కోతిమొహం చిప్ప! నా చిన్నప్పటి చిప్పలే ఇవన్నీ!"

మడుగు అడుగంతా ఆల్చిప్పలే. నదిలో ఏనాడో కనుమరుగైనవి ఇక్కడ పక్కపక్కన నాటుకుని, ఏటికి ఎదురుగా నోళ్లు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నాయి. బాబాయ్ ఒకదాన్ని పెకలించి కత్తి తీశాడు.

"ముత్యం ఉందేమో చూస్తా."

"లేకపోతే?"

"ఇంకోటి. అదీ కాకపోతే ఇంకోటి."

అప్పుడు వెర్నాకు అర్థమైంది. తాత ముత్యాలు దాచలేదు. నది ఖాళీ అవుతుంటే ఆల్చిప్పల విత్తనం దాచాడు. ఆమెకు ఏడుపొచ్చింది. షికాగో తప్పదు. అయినా బాబాయ్ చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబాయ్. చంపితే గానీ తెలియని ముత్యం మనకొద్దు."

ఆయన బదులు చెప్పేలోపే బయట పెళపెళమని ఉరిమింది. ఎగువన వాన పడి పక్కనున్న వాగేదో పొంగినట్టుంది, బురదనీరు గుహ నోట్లోంచి లోపలికి విరుచుకుపడింది. లాంతరు ఆరిపోయింది. కటిక చీకటి. లోపలి ఏరూ బయటి వరదా ఢీకొని సుడులు తిరుగుతున్నాయి.

"బయటికి పద! ఎటు... ఎటు వెళ్లాలే?"

నీళ్లు నడుము దాటాయి. ఒక సుడి ఇటు లాగితే ఇంకో సుడి అటు తోస్తోంది. ఇంతలో వెర్నా అరికాలికి ఆల్చిప్ప అంచు తగిలింది. దాని పక్కనే ఇంకోటి. అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. పైన నీరు ఎన్ని వేషాలు వేసినా వాటి నోళ్లు మాత్రం ఏరు వచ్చే వైపుకే ఉన్నాయి.

"బాబాయ్! వీటి నోళ్లు చూసే వైపుకు వీపు పెట్టి నడువు! నా భుజం వదలకు!"

కాలితో తడుముతూ, నీళ్లు మింగుతూ, గోడలకు గుద్దుకుంటూ నడిచారు. నీరు గడ్డం అందుకుంటుండగా బూడిదరంగు వెలుతురు కనిపించింది. ఇద్దరూ పడవలోకి పడి, కట్టు తెంపి, చాలాసేపు వెల్లకిలా పడుకున్నారు. మంచుతో పాటు పడవా దిగువకు తేలిపోతోంది.

ఇంటి రేవులో బాబాయ్ పిడికిలి విప్పాడు. గుహలో పెకలించిన పందిగిట్ట చిప్ప, తెరవకుండా అలాగే ఉంది.

ఆయన కత్తిని పడవ అడుగున పడేసి, మోకాళ్లమీద వంగి, రేవు మెట్టు పక్క ఇసుకలో దాన్ని నాటాడు, ప్రవాహానికి ఎదురుగా నోరు పెట్టి. కాసేపటికి చిప్ప సన్నగా తెరుచుకుంది.

"వరద తీశాక బకెట్ తీసుకెళ్లి ఇంకొన్ని తెద్దాం. దీనికి తోడు కావాలి," అన్నాడాయన, నదివైపు చూస్తూనే. "వీటిని ఎవరైనా చూసుకుంటూ ఉండాలి కదే."

"మరి తిండి?"

"జెల్లలు పడతాను. శుక్రవారం శుక్రవారం విందుకు చేపలెవరో ఒకరు ఇవ్వాల్సిందేగా."

వెర్నా తడి బట్టలతోనే ఇంట్లోకి వెళ్లి, పేపర్లలో చుట్టిన కప్పులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. చిల్లుల చిప్పను మళ్లీ కిటికీకి కట్టింది. ఈసారి నల్ల వీపు ఇంటివైపు పెట్టింది.