తాత ఛాతీలో చిక్కుకున్న గాలి

"నానమ్మా, కిటికీలు మూసేశా!" అని యగొద వంటపాకలోంచి అరిచింది, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"రెండూనా?" పెరట్లో ఎర్ర మిరపకాయల బస్తా విప్పుతున్న నానమ్మ స్తమెన అడిగింది.

"రెండూ!"

"నా తల్లే! తాతకి ప్రొమాయ తగిలితే ఇంకేమన్నా ఉందా!"

ప్రొమాయ అంటే ఎదురెదురు కిటికీల మధ్య కోసుకుపోయే గాలి. మా వైపు పంటినొప్పి దగ్గర్నుంచి పరీక్ష తప్పడం దాకా అన్నిటికీ అదే కారణం. దెయ్యాలకి భయపడని పిల్లలు కూడా ప్రొమాయ అంటే పరుగెత్తి తలుపేస్తారు.

అది సెప్టెంబరు. మా ఊరు లెస్కోవత్స్‌లో ఇంటింటా లావు మిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, చలికాలానికి ఐవార్ పచ్చడి పట్టే రోజులు. తాత రదిసావ్ పాకలో కట్టెల పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని కాయలు తిప్పుతున్నాడు. బట్టల మిల్లులో ఏళ్ల తరబడి పీల్చిన దూది దుమ్ము, దానికి తోడు సిగరెట్లు. ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో మొరాయించాయి. అయినా కాయలు తిప్పే పని ఇంకొకరికి ఇస్తేనా!

కాసేపటికి పాక నిండా పొగ కమ్మేసింది. యగొద కళ్లు మండాయి. తాత చేతిలోని పటకారు ఠంగుమని కింద పడింది.

తాత భుజాలు ఎగరేస్తున్నాడు. ఛాతీ కోడిపుంజు ఛాతీలా పొంగి ఉంది. లోపల పిల్లికూతలు.

"గాలి... లేదు..." అన్నాడు.

యగొదకి ఏమీ అర్థం కాలేదు. ఛాతీ అంత నిండుగా ఉంటే గాలి లేదంటాడేమిటి? పరుగు పందెం అయ్యాక డ్రిల్లు మాస్టారు చెప్పే మాట గుర్తొచ్చింది.

"పీల్చు తాతా! గట్టిగా! ఇంకా, ఇంకా!"

మనవరాలు చెప్పింది కదా, పాపం తాత పీల్చాడు. మళ్లీ పీల్చాడు. పెదాలు నీలంగా మారాయి. యగొద కెవ్వున కేకేసింది.

"నానమ్మా!"

నానమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఆ కేక విని పక్కింటి నర్సు లెపొసవ కూడా పరుగెత్తుకొచ్చింది. వస్తూనే కిటికీలు రెండూ బార్లా తెరిచింది.

"ప్రొమాయ!" అంది నానమ్మ.

"ప్రొమాయ సంగతి తర్వాత చూద్దాం పిన్నీ. ముందు బాబాయిని ఈ పొగలోంచి బయటికి తీసుకెళ్దాం."

ఇద్దరూ కలిసి తాతని పెరట్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. లెపొసవ ఇన్‌హేలర్ ఇచ్చి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించింది.

"పీల్చడం సంగతి వదిలెయ్ బాబాయ్. లోపలున్నది బయటికి పంపు. వేడి సూప్‌ని ఊదినట్టు... ఫూ... తొందరేం లేదు."

చాలాసేపటికి తాత పెదాలకి రంగు తిరిగొచ్చింది. యగొద మాత్రం కోళ్లగూడు వెనక నక్కి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"కిటికీ మూస్తే మంచిదన్నారు, మూశాను. గట్టిగా పీలిస్తే మంచిదన్నారు, పీల్చమన్నాను. మరి తాతకి ఇలా ఎందుకైంది? నా వల్లేనా?"

"ఇలా రా పిచ్చిపిల్లా," అంది లెపొసవ. "గుండెల నిండా గాలి పీల్చు. వదలకు. దాని మీద ఇంకోసారి పీల్చు. ఊహూఁ, వదలొద్దన్నానా! ఇంకోసారి."

యగొద ముఖం కందగడ్డయింది. "పట్టట్లేదు అత్తా!" అని భళ్లున వదిలేసింది.

"గాలి లేకనా?"

"కాదు... ఎక్కువై!"

"మీ తాతకీ అంతే. మన ఊపిరితిత్తుల్లో బుల్లి బుల్లి గాలి బుడగలుంటాయి. తాజా గాలి అక్కడే రక్తంలో కలుస్తుంది. వాడేసిన గాలి అక్కడి నుంచే బయటికొస్తుంది. తాతవి పాత సాక్స్ ఎలాస్టిక్‌లా వదులైపోయాయి. దార్లు కూడా ఇరుకయ్యాయి. పాతగాలి బయటికి పోదు. అది పోనిదే కొత్తదానికి చోటెక్కడిది?"

"నేనేమో ఇంకా పీల్చమన్నాను!"

"నిండిన బస్తాలో ఇంకా కుక్కమన్నావు. తెలియక అన్నావులే."

గాలి నిండిపోయి ఊపిరాడకపోవడం! రాత్రి అన్నం తింటున్నా, పళ్లు తోముకుంటున్నా యగొదని ఆ వింత వదల్లేదు.

ఆదివారం చర్చికి బయల్దేరుతూ తాత బూట్ల తాళ్లు కట్టుకోడానికి వంగాడు. లేచేసరికి మళ్లీ పిల్లికూతలు.

"అయ్యో దేవుడా! పీల్చవయ్యా, పీల్చు!" అంటూ నానమ్మ పరుగెత్తుకొచ్చింది.

యగొద నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తాతని కుర్చీలో కూర్చోబెట్టి ఇన్‌హేలర్ అందించింది. తర్వాత ఎదురుగా నేల మీద కూర్చుని తాత కళ్లలోకి చూసింది. కంగారుగానే ఉంది.

అయినా పెదాలు దగ్గర పెట్టి నెమ్మదిగా ఊదింది. "ఫూ..."

తాత కూడా ఊదాడు. సన్నగా, వణుకుతూ.

యగొద ఊపిరి ముందే అయిపోయింది. మళ్లీ పీల్చమని ఛాతీ గోల పెడుతోంది. తాతది ఇంకా కొంచెం కొంచెంగా బయటికొస్తూనే ఉంది.

యగొద పీల్చలేదు. తాత మొత్తం వదిలేదాకా ఆగింది.